మంగళవారం సంచి

మార్చి 4, మంగళవారం

పిచికా,

ఇవాళ డ్యూటీకి వెళ్ళాను. నువ్వు పోయి పంతొమ్మిది రోజులు. మీ నాన్న లిఫ్టుల పనికి వారం కిందటే వెళ్ళిపోయాడు. ఆయనకి ఎప్పుడూ ఏదో ఒక నట్టు బిగిస్తూ ఉండాలి. నేనొక్కదాన్నే ఇంట్లో కూర్చుని గోడలు చూడటం ఎందుకని బయల్దేరాను.

ఈ పుస్తకం ఆస్పత్రి వాళ్ళు తిరిగిచ్చిన నీ సంచిలో ఉంది. మొదటి నాలుగు పేజీల్లో ఎవరి పిల్లాడివో గుణకారాలు, వాటిమీద టీచరు ఎర్ర సిరా గీతలు. ఎవరో పారేస్తే తెచ్చుకున్నదే. మిగతాదంతా తెల్లగా ఉంది. నువ్వేమీ రాయలేదు, నేను రాస్తున్నాను. ఏడో క్లాసు చదువు నాది. తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్ళెవరు.

షాపులో ఎవరూ ఏమీ అనలేదు. మాంసం కౌంటరావిడ వచ్చి నా ఏప్రను ముడి తనే వేసి వెళ్ళింది. ఒంటిగంటన్నరకి ఎప్పటిలాగే డేటు దాటిన సరుకు వెనక గుమ్మం దగ్గరికి తెచ్చి పడేశారు. పెరుగు డబ్బాలు, రొట్టెలు, గుడ్లు, మచ్చపడ్డ అరటిపళ్ళు. ప్యాకెట్లు కత్తితో కోసి, సంచుల్లో వేసి, పైన నేల కడిగే నీలం మందు పోసి ముడి వెయ్యాలి. ఎవరూ తీసుకుని తినకుండా ఉండటానికి. పద్నాలుగేళ్ళుగా ఆ పని నాదే. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

ఆఖరి సంచికి వచ్చేసరికి మందు అయిపోయింది. కత్తి కూడా మొద్దుబారింది, అందుకని ప్యాకెట్లు కోయలేదు. ఆ సంచి చెత్త డబ్బాలో వెయ్యకుండా దాని వెనక గోడవారన పెట్టాను. చెత్త లారీ వాళ్ళు డబ్బాల్లోవే తీసుకుపోతారు, కింద ఉన్నవి ముట్టుకోరు.

మంగళవారం కదా.

మార్చి 5

సంచి లేదు.

మార్చి 8

మా అక్క ఫోన్ చేసింది. ముందు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, "అడ్డమైన గడ్డీ తింది, ఒంట్లో విషం చేరింది. నేను అప్పుడే చెప్పాను, నువ్వు వినలేదు" అంది. నేను "స్టవ్ మీద పాలున్నాయక్కా" అని పెట్టేశాను. పాలేమీ లేవు.

డాక్టరుని మూడుసార్లు అడిగాను నేను. మూడోసారి ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "తలలో రక్తనాళం అమ్మా. పుట్టినప్పటినుంచీ అక్కడ పల్చగా ఉండి ఉంటుంది. తిండికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇంకో పదిసార్లు అడిగినా ఇదే చెప్తాను, అడగండి" అన్నాడు. మంచివాడు.

అక్కకి ఇది చెప్పలేదు. నువ్వు పుట్టినప్పటినుంచీ ఉంది అంటే, ఎవరు పెట్టినట్టు అంటుంది.

మార్చి 11, మంగళవారం

మందు ఇవాళ కూడా చాల్లేదు.

మేనేజరు వచ్చి సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. నీ వయసే ఉంటుంది అతనికి. "అమ్మా, సోమవారం సరిపోతుంది, బుధవారం సరిపోతుంది. ఈ మంగళవారానికే ఏమొచ్చిందమ్మా?" అన్నాడు. "మంగళవారం మురికి ఎక్కువ సార్" అన్నాను. తల గోక్కుంటూ వెళ్ళాడు.

మంగళవారాలు పారేసినవి ఏరుకోవడానికి మీ షాపు వైపు వస్తాం అని నువ్వే అన్నావు, మనం మాట్లాడుకునే రోజుల్లో. మాటలు లేని ఆ ఎనిమిది నెలల్లో ఒక్క మంగళవారం కూడా తప్పలేదు నేను. బుధవారం పొద్దున వచ్చి చూస్తే గోడ దగ్గర సంచి ఉండేది కాదు. అంటే నువ్వు తీసుకెళ్ళావనే కదా. నాతో మాట్లాడకపోతే మాట్లాడకపోయావు, నేను పెట్టింది తిన్నావు. ఆ ఒక్కటీ నాకుంది.

ఇప్పుడు కూడా పోతోంది సంచి. నీతో ఉండేవాళ్ళు తీసుకుంటున్నారు, అంతే.

మార్చి 12

లేదు.

మార్చి 16, ఆదివారం

నీ గది ఖాళీ చెయ్యడానికి నేనూ మీ నాన్నా వెళ్ళాం. అక్కడికి నేను వెళ్ళడం ఇదే మొదలు. మూడో అంతస్తు. లిఫ్టు పాడైపోయి ఉంటే మీ నాన్న దాన్ని తినేసేలా చూశాడు.

నీతో ఉండే పొడుగు పిల్ల తలుపు తీసింది. ఎంత పొడుగో, గుమ్మం దగ్గర తల వంచడం అలవాటైపోయినట్టుంది, వంటింట్లో కూడా వంగే నడుస్తోంది. "రండి ఆంటీ, రండి అంకుల్" అని నీ కుర్చీలో కూర్చోబెట్టింది నన్ను. ఆ కుర్చీకి మూడు కాళ్ళు ఒక రంగు, నాలుగోది ఇంకో రంగు.

నీ గదిలో కొన్నదంటూ ఏమీ లేదు. దీపం ఏదో ఆఫీసు పారేసింది. పరుపు మీద దుప్పటి పది రకాల కర్టెను ముక్కలతో కుట్టింది. గోడ మీద నువ్వు వేసిన బొమ్మ ఉంది. కొనండి కొనండి అని షాపులకి బొమ్మలు వేసే ఉద్యోగం మానేసినా చెయ్యి ఊరుకోలేదన్నమాట. ఆ ఉద్యోగం మానేసిన రోజు నువ్వు, "ఇప్పటికే చేసిపెట్టినవి ముందు అయిపోనీ అమ్మా, తర్వాత కొత్తవి కొందాం" అన్నావు. అప్పుడు నేను, "అవి అయిపోయేసరికి నీకు ముసలితనం వస్తుంది" అన్నాను.

గది శుభ్రంగా ఉంది. దుమ్ము ఎక్కడైనా ఉందేమోనని మంచం కింద వేలితో రాసి చూశాను. లేదు. ఉంటే బాగుండేది, తుడిచేదాన్ని.

పొడుగు పిల్ల మాకు సూపు పెట్టింది. అన్నీ పారేసిన కూరగాయలే. నేను ఆకలి లేదన్నాను. మీ నాన్న రెండు గిన్నెలు తాగి, "అడుగున ఉందా?" అని అడిగాడు. తర్వాత టీ. మీ నాన్న కప్పులో పంచదార సగం చెంచానే వేసింది, ఆయన ఎంత తాగుతాడో అడక్కుండానే.

తెచ్చినవి: దుప్పటి, దీపం. కుర్చీ ఆ పిల్లకే వదిలేశాను. సంచుల గురించి అడుగుదామనుకున్నాను. మెట్ల దాకా వచ్చి కూడా అడగలేదు. ఏముంది అడగడానికి, తెలిసిందే కదా.

మార్చి 18, మంగళవారం

ఇవాళ డ్యూటీ దిగాక ఇంటికి పోలేదు. వెనక వీధిలో బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, అందుకని కూర్చున్నాను.

మూడు గంటలకి ఒక ముసలాయన వచ్చాడు. కోటు ఇస్త్రీ చేసి ఉంది, మడత కూడా చెదరలేదు. డబ్బా వెనక్కి నేరుగా వెళ్ళాడు, చోటు తెలిసినవాడిలా. సంచి చింపలేదు, నేను వేసిన ముడి గోళ్ళతో ఓపిగ్గా విప్పాడు. జేబులోంచి గుడ్డసంచి తీసి, ఒక్కొక్కటీ అందులోకి సర్దుకుంటున్నాడు.

రోడ్డు ఎలా దాటానో తెలియదు. ఎవరో హారన్ కొట్టారు.

"అది మీది కాదు" అన్నాను.

"మీదా అమ్మా?"

"మా అమ్మాయిది. మా అమ్మాయి కోసం పెట్టింది."

"అలాగా? నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు. "తొమ్మిది నెలలుగా వస్తున్నాను, ప్రతి మంగళవారం. ఎవరూ రావడం చూడలేదు. షాపులో ఎవరో మంచివాళ్ళున్నారు అనుకున్నాను."

"దొంగతనం చేస్తూ పైగా మంచివాళ్ళంటారేంటి?"

ఆయన ముఖం ఎర్రబడింది. "పేరు రాసి లేదమ్మా. ఉంటే ముట్టుకునేవాణ్ణి కాదు" అన్నాడు. గుడ్డసంచిలోవి అన్నీ మళ్ళీ ఒక్కొక్కటే తీసి నా సంచిలో పెట్టాడు. చివరికి చేతికిస్తూ, "గుడ్లు కింద ఉన్నాయి, చూసి పట్టుకోండి" అన్నాడు. ఖాళీ గుడ్డసంచి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిది నెలలంటే మొదటి సంచి నుంచీ. ముసలివాళ్ళకి నెలల లెక్క తెలియదు. రెండు నెలలై ఉంటుంది, తొమ్మిది అంటున్నాడు.

మార్చి 19

పెరుగు, రొట్టె, గుడ్లు, అరటిపళ్ళు టేబుల్ మీద ఉన్నాయి. మీ నాన్న చూసి, "ఏంటే, షాపు ఇంటికొచ్చింది?" అన్నాడు. ఆయన చెంచా తెచ్చుకుని పెరుగు డబ్బా విప్పాడు.

"నువ్వు దాని గదికి వెళ్తూ ఉండేవాడివి కదా" అన్నాను.

తింటూనే, "నెలకోసారి" అన్నాడు.

"నాకు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"నా గురించి ఏమన్నా అనేదా?"

"అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగేది. నీళ్ళల్లో నిలబడి పని చేయించొద్దని మీ షాపు వాళ్ళకి చెప్పమనేది. నేనెవర్నే వాళ్ళకి చెప్పడానికి?"

ఇంకా ఏమన్నా అనేదా అని అడగబోయాను. డబ్బా కడగడానికి లేచి వెళ్ళాడు. కుళాయి చాలాసేపు తిప్పి ఉంచాడు.

మార్చి 20

తొమ్మిది నెలలు అన్నాడు.

మార్చి 22

ఆ మాట రాయకూడదనుకున్నాను. రాస్తాను, లేకపోతే ఈ పుస్తకం మొత్తం అబద్ధమే అవుతుంది.

జూన్‌లో నువ్వు షాపు వెనక్కి వచ్చావు. నేను సంచుల్లో మందు పోస్తున్నాను. "అమ్మా, అది పెరుగే కదా, పొద్దున దాకా షెల్ఫు మీద ఉన్నదేగా? దాని మీద ఎలా పోస్తున్నావు?" అన్నావు. మాంసం కౌంటరావిడ చూస్తోంది. రొట్టెలాయన చూస్తున్నాడు. "నిన్ను పెంచింది ఈ మందు పోసే చెయ్యే" అన్నాను. నువ్వు మళ్ళీ "అది కాదమ్మా" అన్నావు.

"చెత్తకుండీలో తినే నోటితో నన్ను అమ్మా అనకు" అన్నాను.

నువ్వు అనలేదు. ఎనిమిది నెలలు నా మాట విన్నావు. చిన్నప్పుడు ఒక్క మాటా వినేదానివి కాదు.

ఆ తర్వాతి మంగళవారం నుంచే సంచి పెట్టాను. నువ్వు తిన్నావనుకునేదాన్ని. ఆ ముసలాయన కాదు, నువ్వు.

మార్చి 23, ఆదివారం

పొడుగు పిల్ల దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. మెట్లెక్కి ఆయాసపడుతుంటే మంచినీళ్ళిచ్చింది. తాగకముందే అడిగాను.

"మా షాపు దగ్గర మంగళవారం సంచి మీరు తీసుకునేవాళ్ళా?"

ఆ పిల్లకి అబద్ధం రాదు. చూస్తే తెలిసిపోయింది. "లేదాంటీ. మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిన రోజే మీ షాపుని జాబితాలోంచి కొట్టేసింది. నా వల్ల అమ్మకి మాట రాకూడదు, ఎవరూ అటు వెళ్ళొద్దు అంది" అని చెప్పింది.

"ఒక్కసారి కూడా?"

"తినడానికైతే రాలేదాంటీ."

నేను నీళ్ళ గ్లాసు పట్టుకునే కూర్చున్నాను. ఆ పిల్ల నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కూర్చుంటేనే నాకంత ఉంది.

"కానీ ఒకసారి చూసింది. చలి మొదలైనప్పుడు. సైకిల్ మీద అటునుంచి వెళ్తుంటే మీరు సంచి గోడ దగ్గర పెట్టడం కనబడిందట. ఎందుకో చూద్దామని ఆగిందట. కోటు వేసుకున్న ముసలాయన ఎవరో వచ్చి విప్పుకుని తీసుకెళ్ళాడట. ఇంటికొచ్చి తలుపు దగ్గర్నుంచే అరిచింది ఆంటీ. మా అమ్మ మందు పొయ్యట్లేదే, ఎవరో ముసలాయనకి పెడుతోంది, నాకు చెప్పకుండా మారిపోయింది దొంగ అని! ఆ రోజు మా అందరికీ తనే వండింది. మా అమ్మ మా అమ్మ అని చెవులు తినేసింది."

"మరి నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"నేనూ అదే అన్నాను. అమ్మ సంగతి నీకు తెలియదు, నేను చూశానంటే సిగ్గుపడి మానేస్తుంది, తనే చెప్పనీ అంది."

ఎలా దిగి వచ్చానో తెలియదు.

పిచికా, నువ్వు తప్పుగా అనుకున్నావు. ఆ ముసలాయనెవరో నాకు తెలియదు. నేను నీకోసం ఒక్క సంచి వదిలాను, మిగతా అన్నిట్లో పోశాను. బుధవారం పోశాను, గురువారం పోశాను. ఆయన వాటిల్లో ఒకటి విప్పి తిన్నా నాకు పట్టేది కాదు. ఆ రోజు నువ్వు సంతోషంగా వండింది లేని అమ్మ కోసం.

నువ్వు నా సంచి తినలేదు. ఒక్కటి కూడా.

మార్చి 24

డ్యూటీకి వెళ్ళలేదు.

మార్చి 25, మంగళవారం

వెళ్ళాను. ఇవాళ తొమ్మిది సంచులు. ఒక్కదాంట్లో కూడా పొయ్యలేదు. మందు సీసా నిండుగా ఉంది, కత్తి పదునుగా ఉంది.

పాడైనవి వేరే తీశాను. మూత ఉబ్బిన పెరుగు, బూజు పట్టిన రొట్టె, జిగట వచ్చిన మాంసం డబ్బాలోకి. మిగతాది సంచుల్లో కట్టి గోడవారన వరసగా పెట్టాను. మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"నేను ఇక పొయ్యను సార్."

"మీరు పొయ్యకపోతే ఎవరు పోస్తారు?"

"ఎవరైనా పొయ్యనివ్వండి. నేను పొయ్యను."

అతను మాంసం కౌంటరావిడ వైపు చూశాడు. "నా వైపు చూడకండి, నా చేతులకి రక్తం చాలు" అందావిడ. రొట్టెలాయన వైపు చూశాడు. ఆయన పొద్దున నాలుగింటికి లేచి కాల్చిన రొట్టెలవి. తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఎవరైనా తిని కడుపునొప్పి అంటే నా పీక మీదకొస్తుంది" అన్నాడు మేనేజరు, ఈసారి చిన్నగా.

"ఒక్కొక్కటీ వాసన చూసి పెట్టాను సార్. ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్న ముక్కు ఇది. మీ డేట్ల కంటే దీనికే బాగా తెలుసు."

"మీ అమ్మాయి సంగతి తెలుసు నాకు. మనసు బాగోలేదు, నాలుగు రోజులు సెలవు తీసుకోండి."

"మనసు బాగానే ఉంది సార్. ఇన్నాళ్ళూ పోసినప్పుడే బాగోలేదు."

అతను వెళ్ళాడు. నేను దిగాక మూడింటిదాకా గోడ దగ్గరే నిలబడ్డాను. కోటాయన వీధి మలుపులో నన్ను చూసి ఆగి, వెనక్కి తిరిగాడు. నేను పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో.

"బాబుగారూ, ఆగండి. ఆ రోజు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను."

"పర్వాలేదమ్మా. మీ అమ్మాయి తీసుకుందా?"

"మా అమ్మాయి లేదు. ఫిబ్రవరిలో పోయింది."

ఆయన జేబులోంచి సగం తీసిన గుడ్డసంచి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. తర్వాత, "ఆ రోజు పెరుగు పాడవలేదు కదా?" అన్నాడు.

"మా ఆయన తిన్నాడు."

"మంచిది" అన్నాడు.

ఇద్దరం కలిసి సంచులు విప్పాం. ఆయన తినేది కొంచెమే. మిగతాది వాళ్ళ బిల్డింగులో నాలుగు ఇళ్ళకి వెళ్తుందట. కవల పిల్లల తల్లి ఒకావిడ, రాత్రి డ్యూటీ నర్సు, ఇంకా ఇద్దరు. "ఏది ముందు తినాలో, ఏది ఆగుతుందో మాకు సరిగ్గా తెలియదమ్మా. అనుమానమొచ్చి కొంత పారేస్తుంటాం. డేటు దాటింది కదా, భయం" అన్నాడు. బాగున్నది పారేస్తారట! మళ్ళీ పారేయడమే! నాకు చిర్రెత్తుకొచ్చింది. నువ్వుంటే నవ్వేదానివి.

మార్చి 27

మెమో ఇచ్చారు. మళ్ళీ ఇలా చేస్తే ఉద్యోగం ఉండదని రాసి ఉంది. చదివి సంతకం పెట్టాను. మీ నాన్నకి చూపిస్తే, "లిఫ్టు ఆఫీసులో గదులు ఊడ్చే పని ఖాళీ ఉంది, అడగనా?" అన్నాడు. "ఇంకా తీసెయ్యలేదుగా, అప్పుడే ఊడ్పించకు" అన్నాను. నవ్వాడు. నెలన్నర తర్వాత ఆయన నవ్వు విన్నాను.

మార్చి 29

నిన్న పొయ్యలేదు. ఇవాళ పొయ్యలేదు. ఒంటిగంటన్నరకి మేనేజరు ముందు తలుపు దగ్గర అద్దాలు తుడిచారో లేదో చూసుకుంటున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఎన్నాళ్ళు చూసుకుంటాడో తెలియదు.

మార్చి 31

రాత్రి అన్నంలో పెరుగు వేసుకుని తిన్నాను. షాపుదే, నేను తీసిపెట్టినదే. పుల్లగా ఏమీ లేదు. బాగుంది. ఇది తినడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది పిచికా.

నువ్వు చూసి మురిసిపోయిన ఆ అమ్మని నేను కాను. అప్పుడు కాను. నువ్వు అనుకున్నది అబద్ధం కాకుండా ఉండాలంటే నేను చెయ్యాల్సింది ఒకటే ఉంది. చేస్తున్నాను. నువ్వు చూడవని తెలుసు.

ఏప్రిల్ 1, మంగళవారం

పది సంచులు. ప్రతి సంచిలో ఒక కాగితం పెడదామని రాసుకున్నాను. ఈ పుస్తకంలో పేజీలే చింపాను. మొదట పెద్దగా రాశాను, నీ గురించి కూడా రాశాను. అది తీసేశాను. వాళ్ళకి కావాల్సింది వేరే. ఇలా పెట్టాను:

దీంట్లో ఉన్నవన్నీ వాసన చూసి పెట్టాను. పెరుగు ఎల్లుండి దాకా బాగుంటుంది. రొట్టె కొంచెం గట్టిపడింది, నీళ్ళు చిలకరించి వేడి చేసుకోండి. అరటిపళ్ళు తొక్క నల్లబడింది కానీ లోపల బాగున్నాయి, ముందు అవి పిల్లలకి పెట్టండి. గుడ్లు నీళ్ళలో వేసి చూడండి, మునిగినవి మంచివి. మందు ఏమీ పొయ్యలేదు, భయపడకండి. సిగ్గుపడకండి. వేళకి తినండి, కడుపునిండా తినండి.